బయ్యారం చెరువు చెప్పిన వంశకథ

మన పల్లెలలో పెండ్లి మాట కదలినప్పుడు పెద్దలు మొదట అడుగునది ఒక్కటే: "మీరు ఏ యింటివారు? మీ తాత యెవరు?" తాత పేరు అందరును చెప్పుదురు. ముత్తాత పేరు కొందరు చెప్పుదురు. అంతకు పైన చెప్పగలవారు అరుదు. పితృతర్పణమునందు సయితము తండ్రి, తాత, ముత్తాత అను మూడు తరములనే తలచుచున్నాము. సామాన్యుల జ్ఞాపకము అంతటితో ఆగును. మరి రాజ్యములేలిన కుటుంబముల మాట యేమి? వారి పెద్దల పేర్లను ఎవరు దాచిరి? ఆ దాచిన దానిని మనము ఎంతవరకు నమ్మవచ్చును?

అమెరికాలో ఆడమ్సు కుటుంబము ప్రసిద్ధమైనది. తండ్రి జాన్ ఆడమ్స్ 1797లోను, కుమారుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ 1825లోను ఆ దేశమునకు అధ్యక్షులైరి. మనుమడు చార్లెస్ ఫ్రాన్సిస్ లండనులో రాయబారిగా పనిచేసెను. మునిమనుమడు హెన్రీ ఆడమ్స్ చరిత్రకారుడాయెను. వారి యుత్తరములును దినచర్యలును నిలిచియున్నందున ఆ నాలుగు తరముల కథ అచ్చటివారికి అరచేతి రేఖవలె తెలియును. మన కాకతీయుల కథకు అట్టి యుత్తరములు లేవు. మనకు మిగిలినవి రాళ్లును, రాగిరేకులును.

అట్టి రాళ్లలో ఒకటి మన ముంగిటనే యున్నది. నెల్లికుదురువారు మానుకోట దాటి సాగినచో కురవియు, బయ్యారమును ఎంతో దూరము కావు. నేడు ఈ మూడును మహబూబాబాదు జిల్లాలోనివే. బయ్యారమున గణపతిదేవుని సోదరి మైలాంబ తన తల్లి బయ్యమాంబ పుణ్యార్థము ధర్మకీర్తి సముద్రమను చెరువును త్రవ్వించి, శాసనము నిలిపెను. ఆమె నతవాడి ప్రభువుల యింటి కోడలు. అయినను చెరువు శాసనమున తన పుట్టినింటి వంశమును పది తరములకు పైగా చెప్పించెను.

ఆ జాబితా దుర్జయ వంశజుడైన వెన్ననితో మొదలగును. అతడు కాకతి యను చోటనుండి పాలించెను గనుక ఆ యింటివారికి కాకతీశులను పేరు వచ్చెనని శాసనము తెలుపుచున్నది. వెన్నని వెనుక ముగ్గురు గుండరాజులు, పిమ్మట ఎఱ్ఱ, పిండి గుండన, గరుడ బేతరాజు, ప్రోలరాజు, త్రిభువనమల్లుడను బిరుదు గల రెండవ బేతరాజు, రెండవ ప్రోలరాజు, అతని కుమారులు రుద్రదేవుడు, మహాదేవుడు, కడపట మహాదేవుని కుమారుడు గణపతిదేవుడు.

ఇంటి ఆడపడుచు చెప్పినది గదా, నమ్మవచ్చునా యని సందేహము కలుగవచ్చును. దీనికి సాక్ష్యము మరియొక చోట దొరకినది. వేంగీ చాళుక్య రాజు దానార్ణవుడు 956లో ఇచ్చిన మాంగల్లు తామ్రశాసనమున కాకర్త్య గుండ్యన యను సేనాని పెద్దల పేర్లు కలవు. అవి గుండియ, ఎఱియ, బేతియ. మైలాంబ చెప్పిన గుండ, ఎఱ్ఱ, పిండి గుండలతో ఈ పేర్లు సరిపోవుచున్నవి. ఒకరినొకరు ఎరుగని యిద్దరు సాక్షులు, రెండు వందల యేండ్లకు మించిన యెడముతో, ఒకే మాట పలికినట్లాయెను. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు 1978లో ప్రకటించిన కాకతీయ చరిత్రగ్రంథమున ఇట్టి సాక్ష్యములను కూర్చియే వంశక్రమమును నిలిపిరి.

అయితే అన్ని శాసనములును ఇట్లు పలుకవు. గణపతిదేవుని మోటుపల్లి శాసనము దుర్జయునికి పూర్వులుగా శ్రీరాముడు మొదలగు సూర్యవంశపు రాజులను లెక్కించెను. ఆ రాజు సేనానియైన మల్యాల గుండని బూదపూరు, వడ్డమాను శాసనములు మాత్రము కాకతీయులు చతుర్థ వర్ణమువారని చెప్పినవి. ఏలిక సూర్యవంశమును కోరుకొనెను. కొలువులోని సేనాని ఉన్నమాట దాచలేదు. మైలాంబ ఈ రెండు త్రోవలను విడిచి, తనవారికి జ్ఞాపకమున్న తొలి పెద్దవద్దనే ఆగెను. రాజ్యము పెరిగినకొలది పూర్వులును పెరుగుదురు. వంశావళిని చదువువారు మొదట గ్రహింపవలసినది ఇదియే.

రెండవది, వంశావళులు పేర్లను చేర్చుటయే కాదు, విడుచుటయు కలదు. కాజీపేట దర్గా శాసనమువలన రెండవ బేతరాజునకు దుర్గరాజను కుమారుడు కలడని తెలియుచున్నది. తరువాతి వంశావళులు అతనిని పెద్దగా తలచుకొనలేదు. అట్లు విడచుటకు కారణము ఆ రాళ్లు చెప్పలేదు.

మూడవది, వంశము తెగిపోవు సమయమున నిలిపినవారు వేరు, జాబితాకెక్కినవారు వేరు. పిండి గుండన కొరవిసీమను ముదిగొండ చాళుక్యులనుండి గైకొనెను. ఆ కొరవియే నేటి కురవి. అతని పిమ్మట కష్టదశలోనున్న బేతరాజును నిలిపిన ఘనత విరియాల ఎఱ్ఱ భార్యయైన కామసానిదని గూడూరు శాసనము చెప్పుచున్నది. మరల యాదవులతోడి పోరున మహాదేవుడు మరణించి, గణపతిదేవుడు బందీయైనప్పుడు రేచర్ల రుద్రుడు రాజ్యమును కాపాడెను. రామప్పగుడిని 1213లో ప్రతిష్ఠించినవాడును ఈతడే.

గణపతిదేవునికి పిమ్మట రాజ్యము కుమార్తె రుద్రమదేవికి వచ్చెను. వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈమెను రాజు భార్యగా, వితంతువుగా వ్రాసెను. 1261 నాటి మల్కాపురం శాసనము ఆమె గణపతిదేవుని కుమార్తెయని స్పష్టము చేయుచున్నది. స్త్రీ సింహాసనమెక్కినచో ఆమె రాణియే గాని వారసురాలు కాజాలదని దూరదేశీయుడు తలచియుండును. ఆమె మరణమును 1289 నాటి చందుపట్ల శాసనము తెలుపుచున్నది. ఆమెకు కుమారులు లేరు. కుమార్తె ముమ్మడమ్మ కన్న ప్రతాపరుద్రుడు అమ్మమ్మ వెనుక రాజ్యమునకు వచ్చి 1323 వరకు పాలించెను. ఓరుగల్లు పతనమైన తరువాతను ఈ వంశపు పేరు మాయలేదు. బస్తరు ప్రభువులు ప్రతాపరుద్రుని తమ్ముడైన అన్నమదేవుని సంతతివారమని చెప్పుకొనిరి. 1703 నాటి దంతేవాడ శాసనమున ఆ మాట కలదు.

ఇప్పుడు జాబితాను మరల చూతము. మగవారి పేర్లు వరుసగా నున్నవి. కాని బేతరాజును నిలిపినది కామసాని. పేర్లను రాతికెక్కించినది మైలాంబ. సింహాసనమును నిలిపినది రుద్రమ. వారసుని కన్నది ముమ్మడమ్మ. ఈ నలుగురిని తీసివేసినచో ఆ వంశవృక్షము నడుమనే విరిగిపోవును.

శ్రోతలలో ఎవరైనను తమ యింటి వంశక్రమమును వ్రాయదలచినచో, పటేండ్ల కాగితములను, పట్టాలను మాత్రమే వెదకి ఊరకుండరాదు. మేనత్తను అడుగవలెను, అమ్మమ్మను అడుగవలెను. పుట్టింటి పేర్లను అత్తవారింట కూర్చుండి మరువక చెప్పగలవారు వారే. ఆ ముదుసలి కంఠము వినబడుచుండగనే ఆ పేర్లను వ్రాసికొనుట మంచిది. మైలాంబకు రాయి దొరకినది. అందరికిని చెరువు త్రవ్వించు భాగ్యముండదు. ఒక నోటుపుస్తకము చాలును.