వేంకటపతిరాయల వరహా

క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున వాయవ్య భారతమును మినాండరను యవనరాజు పాలించెను. ఆతని వెండి నాణెముపై ఒకవైపున రాజు ముఖమును, చుట్టును గ్రీకు లిపిలో ఆతని బిరుదమును పేరును గలవు. రెండవవైపున గ్రీకు దేవతయు, ఖరోష్ఠీ లిపిలో మరల ఆ పేరే గలవు. చదువు రానివాడు సయితము తన్నేలు రాజెవ్వరో ఆ ముఖమును జూచి తెలిసికొనవచ్చును. ఇట్టి నాణెములే లేకున్నచో ఆ వంశములలో పెక్కురు రాజుల పేరులు నేడు మనకు తెలియకుండెడివి.

మన చిత్తూరు సీమలో వాడుకయందుండిన నాణెమొకటి దీనికి మిక్కిలి భిన్నమైనది. ఆరవీటి వంశజుడైన వేంకటపతిరాయలు 1586 మొదలు 1614 వఱకు పెనుగొండనుండియు, పిమ్మట చంద్రగిరి, రాయవేలూరులనుండియు రాజ్యమేలెను. ఆతని బంగారు వరహాపై ఒకవైపున తోరణము క్రింద నిలిచిన శ్రీవేంకటేశ్వరుడును, రెండవవైపున నాగరిలిపిలో ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’ అను మూడు పంక్తులును గలవు. రాజు ముఖము లేదు, పేరును లేదు.

ఇది భక్తిచేతనే యని యందురు. భక్తి నిజమే. తిరుమల కోవెలలో నమస్కరించుచు నిలిచిన ఆతని రాగి విగ్రహమును నేటికిని చూడవచ్చును. కాని 1514లో ఆ స్వామికి 30,000 వరహాలతో కనకాభిషేకము చేసిన కృష్ణదేవరాయలు భక్తుడు కాడా? ఆతడు తన వరహాపై ఒకవైపున బాలకృష్ణుని నిలిపియు, రెండవవైపున ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ యని తన పేరు వ్రాయించుకొనెను. కావున భక్తియొక్కటియే కారణమని మేము తలపము. 1565 నాటి యుద్ధముతో విజయనగరము పాడయ్యెను. చెంజి, తంజావూరు, మధుర నాయకులు తలయెత్తిరి. రాజు పేరు చెల్లని చోటను వేంకటేశ్వరుని పేరు చెల్లును. క్షీణించిన ప్రభుత్వము జనుల నమ్మకమును దేవునినుండి యెరవు తెచ్చుకొన్నదని మాకు తోచుచున్నది.

ఈ కిటుకును ఆంగ్ల వర్తకులును గ్రహించిరి. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు చెన్నపట్టణపు స్థలముతోబాటు నాణెములు ముద్రించు హక్కునుగూడ వారి కొసగెను. తరువాత కంపెనీ వరహాలపై ఉభయ నాంచారులతోగూడిన స్వామియే వెలసెను. ఆ దేవుని కొలువనివారు ఆతని రూపమును లాభమునకై ముద్రించిరి. మనవారు కండ్ల కద్దుకొని పుచ్చుకొనిరి. 1818లో వెండి రూపాయి వచ్చువఱకు ఈ వరహాలు చెల్లుచునే యుండెను.

అమ్మమ్మల పెట్టెలలో ఇట్టి వరహాలు నేటికిని అక్కడక్కడ ఉండవచ్చును. క్రొత్త నగకై వానిని కంసాలి కిచ్చుటకు ముందు మన గృహిణులు ఒక్కమాఱు వెలుతురున త్రిప్పి చూతురుగాక. పాత్రయో నిధియో భూమిలో దొరకినచో 1878 నాటి నిధి చట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపవలెను. తూకమున వరహా సుమారు మూడున్నర గ్రాముల బంగారమే. కరగించినను ఆ బంగారము మనకు మిగులును. రాజు తన పేరు తీసివైచి దేవుని పేరు వ్రాయించిన ఆ కథ మాత్రము మరల దొరకదు.