పవర్ హౌస్ స్టేషన్, జులై 1

ముసురు పట్టింది. రాయ్‌పూర్ నుంచి వచ్చిన లోకల్ దిగి, భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో ఒక పక్కగా నిలబడండి. కాసేపట్లో ఇక్కడికి ఊరేగింపు వస్తుంది.

ముందు నినాదాలు వినిపిస్తాయి. ఆ తరవాత జెండాలు కనిపిస్తాయి, సగం ఎరుపు, సగం ఆకుపచ్చ. ఎరుపు కార్మికులది, ఆకుపచ్చ రైతులది. ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా జెండా అది. ఇక్కడి జనం 'లాల్-హరా' అంటారు. ఒకరికొకరు ఎదురైతే నమస్తే బదులు 'లాల్ జోహార్' అనుకుంటారు. ముందు వరసలో ఆడవాళ్ళు. కొంగు నెత్తిన కప్పుకున్న ఒక ముసలామె చేతిలో బంతిపూలు. ఆమె వెనకే ఇరవై ఏళ్ళ కుర్రాడు. కాళ్ళకు దుమ్ము పట్టిన సేఫ్టీ బూట్లు, మెడలో ప్లాస్టిక్ కవరులో గేట్‌పాస్. దాని మీద గడువు తేదీ ఉంది. ఆ తేదీ దాటితే రేపు పని ఉంటుందో లేదో చెప్పాల్సింది ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు.

1992 జులై 1న ఈ పట్టాల మీద కార్మికులు కూర్చున్నారు. స్టీల్ ప్లాంటు చుట్టూ ఉన్న ప్రైవేటు కార్ఖానాల్లో సంఘం పెట్టుకున్నందుకు వేలమందిని గేటు బయటికి నెట్టేశారు. మమ్మల్ని మళ్ళీ పనిలోకి తీసుకోండి, పర్మనెంటు చెయ్యండి, బతకడానికి సరిపడా కూలి ఇవ్వండి అన్నదే వాళ్ళ గోడు. ఎవరూ వినకపోతే రైళ్ళు ఆపారు. పోలీసులు కాల్పులు జరిపారు. 15 మందికి పైగా కార్మికులు చనిపోయారు. దేశమంతటికీ రైలు పట్టాలు చేసిచ్చే ఊళ్ళో జరిగింది ఇది.

వాళ్ళను కూడగట్టిన శంకర్ గుహ నియోగి అప్పటికే లేడు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయిలో నిద్రపోతుండగా కిటికీలోంచి కాల్చి చంపారు. తనను చంపుతారని ఆయనకు తెలుసు, ఆ మాట క్యాసెట్‌లో చెప్పి దాచిపెట్టాడు కూడా. 1997లో కింది కోర్టు పారిశ్రామికవేత్తలకూ శిక్ష వేసింది. హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు తుపాకి పేల్చినవాడొక్కడికే యావజ్జీవం వేసింది. దీన్ని న్యాయమని నేను అనలేను.

నియోగి సమ్మెలతో ఆగలేదు. ఈ ప్లాంటుకు ఇనప రాయి వచ్చే దల్లీ రాజహరాలో 1977 జూన్‌లో పోలీసు కాల్పులకు 11 మంది బలయ్యారు. వాళ్ళ పేరు మీద గని కూలీలు తమ కష్టార్జితంతో, తమ చేతులతో ఆస్పత్రి కట్టుకున్నారు. 1983లో తెరిచిన ఆ శహీద్ ఆస్పత్రి కోసం బినాయక్ సేన్ లాంటి యువ డాక్టర్లు నగరాలు వదిలి వచ్చారు.

చదువుకున్న పిల్లలు ఏం చెయ్యగలరని అడిగేవాళ్ళకు నేను సుధా భరద్వాజ్ పేరు చెబుతాను. ఐఐటీ కాన్పూర్‌లో గణితం చదివింది, పుట్టుకతో వచ్చిన అమెరికా పౌరసత్వం వదులుకుంది, 1986లో ఛత్తీస్‌గఢ్ వచ్చి కార్మికుల మధ్యే ఉండిపోయింది. వాళ్ళ కేసులు నడిపేవాళ్ళు కావాలని నలభై దగ్గర పడ్డాక వకీలైంది. 2018లో భీమా కోరేగావ్ కేసులో అరెస్టు చేశారు. మూడేళ్ళ తరవాత, 2021 డిసెంబరులో, ముంబయి దాటి వెళ్ళకూడదన్న షరతుతో బెయిలిచ్చారు. భిలాయి కూలీల తరఫున వాదించిన మనిషిని భిలాయికే దూరం చేసిన షరతు అది.

ఆ రోజు చనిపోయినవాళ్ళకు పూలు పెట్టడం అయింది. ముసలామె కళ్ళు తుడుచుకుని పక్కకు జరుగుతుంది. ఇప్పుడు కుర్రాడి వంతు. మైకు పట్టుకున్న చెయ్యి మొదట కొంచెం వణుకుతుంది, తరవాత గొంతు లేస్తుంది. అతను అడుగుతున్నది తన తండ్రి తరం అడిగినదే. చట్టంలో రాసున్న కూలి, పూర్తిగా, చేతికి.

భిలాయిలో మనవాళ్ళు తక్కువేం కాదు. ప్లాంటు కడుతున్న రోజుల్లోనే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలున్నాయి. సెక్టార్లలో పెరిగిన మన పిల్లలకు పవర్ హౌస్ అంటే బజారుగా తెలిస్తే చాలదు. వచ్చే జులై 1న వాళ్ళను వెంటబెట్టుకుని ఇక్కడికి రండి. పక్కన నిలబడ్డ ఠేకా కార్మికుణ్ణి రోజుకు ఎంత గిడుతోందో వాళ్ళచేతే అడిగించండి.