తాళంచెవి

బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకని వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఒకే వస్తువుకు రెండు పేర్లున్నాయి: ఇంట్లో తాళంచెవి, బజార్లో చాబి. బెంగాలీ, హిందీల చాబీ, తమిళుల సావీ పోర్చుగీసు ‘చావె’ నుంచే వచ్చాయి. మన చెవి మాత్రం వినే చెవిలాగే ధ్వనిస్తుంది.

తాళంచెవుల్లోనూ రకాలున్నాయి. దొంగచాటుగా చేయించినది మారుతాళం. పెద్ద భవనంలో అన్ని గదులనూ తెరిచేది మాస్టర్ కీ. తాళంలోని పిన్నుల మధ్య అదనపు ముక్క పెడితే గది చెవికీ, మాస్టర్‌కూ అదే తాళం తిరుగుతుంది. అన్ని గదులనూ తెరుస్తుంది కాబట్టి మాస్టర్ కీని ఎవరికిచ్చినా రిజిస్టరులో సంతకం తీసుకోండి. అది పోతే మార్చాల్సింది ఒక్క తాళం కాదు, అది తెరిచే తాళాలన్నీ.