పొలానికీ ఖజానాకూ మధ్య: వ్యవసాయ పన్ను సలహాదారుకు ముందరి చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- హైదరాబాదు రాజ్యంలో భూమిశిస్తు లెక్కలు ఎవరి చేతుల్లో ఉండేవో వివరించగలుగుతారు.
- వ్యవసాయాదాయానికి పన్ను మినహాయింపు ఎలా ఏర్పడిందో చెప్పగలుగుతారు.
- నేటి పన్ను సలహాదారు వృత్తిని చారిత్రక దృష్టితో అంచనా వేయగలుగుతారు.

1. పరిచయం

వ్యవసాయ క్షేత్రాలకు, విత్తన కంపెనీలకు పన్ను సలహా ఇచ్చే వృత్తి ఈ మధ్య పుట్టిందని మీరు అనుకోవచ్చు. పేరు కొత్తదే కాని పని పాతది. చార్మినార్‌కు పడమర ఉన్న హుస్సేనీ ఆలం వీధుల్లో, పక్కనున్న షా అలీ బండలో ఒకప్పుడు కాయస్థ కుటుంబాలు చాలా ఉండేవి. పారశీకంలో లెక్కలు రాయడం వారిలో చాలామందికి వంశపారంపర్య వృత్తి. ఆ లెక్కల్లో ఎక్కువ భాగం తెలంగాణ పల్లెల్లోని పొలాలవే.

ఈ పాఠంలో మనం వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: లెక్క తెలిసినవాడు ఎవరి పక్షాన ఉన్నాడు?

2. దఫ్తర్ల కాలం

అసఫ్‌జాహీల పాలనలో రెవెన్యూ లెక్కలు ప్రధానంగా రెండు దఫ్తర్లలో ఉండేవి. తెలంగాణ ప్రాంతపు లెక్కలు దఫ్తర్-ఎ-మాల్‌లోను, మరాఠ్వాడా లెక్కలు దఫ్తర్-ఎ-దివానీలోను నడిచేవి. మొదటిదాన్ని నిర్వహించిన కాయస్థ కుటుంబానికి 'మాల్‌వాలా' అనే పేరే స్థిరపడింది. కాగితాలు వారి సొత్తులాగే ఉండేవి. దివాను మారినా దఫ్తర్‌దారు మారేవాడు కాదు.

శిస్తు వసూలును తాలూక్‌దార్లు గుత్తకు తీసుకునేవారు. వారికి సాహుకార్లు పెట్టుబడి పెట్టేవారు. ముందు చెల్లించిన సొమ్మును వడ్డీతో సహా రైతు నుంచి రాబట్టుకోవడమే వారి లక్ష్యం. ఈ గొలుసులో రైతు తరఫున లెక్క చూసేవాడు ఒక్కడూ లేడన్న సంగతి గమనించండి.

1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ గుత్త పద్ధతిని క్రమంగా తొలగించి, జీతం తీసుకునే ఉద్యోగులను నియమించాడు. 1865లో జిల్లాబందీ అమలైంది. దఫ్తర్‌దార్ల ప్రాబల్యం తగ్గింది. 1880వ దశకంలో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనా భాష అయ్యాక వారి పాత నైపుణ్యం విలువ కూడా పడిపోయింది.

3. పట్వారీ

నగరంలో దఫ్తర్‌దారు బలహీనపడినా, గ్రామంలో పట్వారీ నిలిచాడు. ఏ సర్వే నంబరు ఎవరిది, ఆబీలో ఎంత పండింది, తాబీలో ఎంత పండింది అన్నది అతని కలం చెప్పేది. రైతుకు సలహా చెప్పేదీ అతనే, సర్కారుకు లెక్క చెప్పేదీ అతనే. ఈ రెండు పాత్రలు ఒకే మనిషిలో ఉండడం వల్ల పహాణీలో పేరు మారితే ఎవరిని అడగాలో రైతుకు తెలిసేది కాదు.

మీ ఇంట్లో పాత పహాణీ నకలు ఉంటే తీసి చూడండి. దాని మీద ఫసలీ సంవత్సరం ఉంటే 590 కలపండి, క్రీస్తు శకం సుమారుగా తెలుస్తుంది. ఫసలీ 1358 అంటే 1948-49. ఆ తరువాత మీ పెద్దల పేరు ఏ గడిలో ఉందో చూడండి: పట్టాదారు గడిలోనా, సాగుదారు గడిలోనా? ఆ తేడాతో భూమి నిలిచిన కుటుంబాలు ఉన్నాయి, పోయిన కుటుంబాలూ ఉన్నాయి. పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది.

4. మినహాయింపు, దాని సరిహద్దు

బ్రిటిష్ ఇండియాలో 1860 నాటి ఆదాయపు పన్ను వ్యవసాయాదాయం మీద కూడా పడింది. 1886 చట్టం దాన్ని మినహాయించింది. నేటి రాజ్యాంగం ప్రకారం వ్యవసాయాదాయంపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలదే. హైదరాబాదు రాష్ట్రం 1950లో అలాంటి చట్టం చేసింది. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ పెద్ద వ్యవసాయాదాయాలపై పన్ను వేయాలని సూచించింది. కేంద్రం మాత్రం 1973లో, ఇతర ఆదాయంపై రేటు లెక్కించేటప్పుడు వ్యవసాయాదాయాన్ని కలిపి చూడడంతో సరిపెట్టింది.

నేటి సలహాదారు పని మొదలయ్యేది ఇక్కడే. ఏది వ్యవసాయం? నేల దున్నడం, విత్తడం వంటి మూల పనులు ఉండాలని సుప్రీంకోర్టు 1957లో చెప్పింది. ఇప్పుడు ఒక విత్తన కంపెనీని తీసుకోండి. అది రైతుల భూమి కౌలుకు తీసుకుంటుంది, మూల విత్తనం ఇస్తుంది, పంటను పర్యవేక్షిస్తుంది, గింజను శుద్ధి చేసి, సంచిలో నింపి అమ్ముతుంది. ఇందులో సాగు ఎక్కడ ముగిసింది, వ్యాపారం ఎక్కడ మొదలైంది? కౌలు పత్రాలు, కూలి చెల్లింపులు, పంట రిజిస్టర్లు చూసి సలహాదారు ఆ గీత గీయాలి. గదుల్లో పెంచిన పుట్టగొడుగుల ఆదాయం కూడా వ్యవసాయాదాయమేనని 2018లో ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రైబ్యునల్ హైదరాబాదు ప్రత్యేక బెంచి తీర్పు ఇచ్చింది.

5. సారాంశం

దఫ్తర్‌దారు సర్కారు మనిషి. పట్వారీ ఇద్దరి మధ్య మనిషి. సలహాదారు ఫీజు ఇచ్చినవారి మనిషి. ఇది పురోగతే, ఎందుకంటే చెల్లించేవాడి తరఫున మాట్లాడే నిపుణుడు చరిత్రలో చాలా ఆలస్యంగా వచ్చాడు. అయితే ఆ ఫీజు కంపెనీ ఇవ్వగలదు, రెండెకరాల రైతు ఇవ్వలేడు. అతనికి ఆదాయపు పన్ను బాధ లేకపోవచ్చు. తన కౌలు పత్రంలో ఏముందో చదివి చెప్పేవాడి అవసరం మాత్రం అతనికి ఇంకా ఉంది. మీలో ఎవరైనా ఈ వృత్తిలోకి వెళితే, ఆ కాగితంపై రెండో సంతకం ఎవరిదో కూడా చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సాలార్‌జంగ్ సంస్కరణలు దఫ్తర్‌దార్ల స్థానాన్ని ఎలా మార్చాయి?
2. పట్వారీకీ నేటి పన్ను సలహాదారుకూ గల ముఖ్య భేదం ఏమిటి?
3. 1886 నాటి మినహాయింపు చిన్న రైతుకూ పెద్ద కంపెనీకీ సమానంగా ఉపయోగపడిందా? చర్చించండి.