తుపాకీకి బదులు

పెషావర్‌లో ఆ బజారు పేరు కిస్సా ఖ్వానీ. కిస్సాలు చెప్పే చోటు అని అర్థం. దూరదేశాల నుంచి సరుకు తెచ్చిన వర్తకులు రాత్రిళ్ళు అక్కడి సరాయిల్లో దిగి, వేడివేడి కావా తాగుతూ కథలు వినేవారట. 1930 ఏప్రిల్ 23న ఆ బజారులో జరిగింది మాత్రం ఎవరూ అల్లిన కథ కాదు.

గాంధీజీ దండిలో ఉప్పు తీసి పదిహేడు రోజులైంది. మన కోస్తా ఊళ్ళలోనూ సముద్రపు నీళ్ళ కుండలు పొయ్యికెక్కుతున్నాయి. ఆ తెల్లవారుజామున పెషావర్ పోలీసులు కాంగ్రెస్ నాయకుల ఇళ్ళ మీద పడ్డారు. దొరికినవాళ్ళను దొరికినట్టు పట్టుకెళ్ళారు. మిగిలిన ఇద్దరినీ లారీలో తీసుకెళ్తుంటే దారిలో టైరు పంక్చరైంది. చుట్టూ జనం మూగారు. పారిపోవాలనుకుంటే అంతకు మించిన అదను ఉండదు. ఆ ఇద్దరూ పోలీసులకు మాటిచ్చారు: మీరు వెళ్ళండి, మేమే నడిచి ఠాణాకి వస్తాం.

అన్నట్టే వచ్చారు. వాళ్ళ వెనక పూలదండలతో, నినాదాలతో జనం. కాబూలీ గేటు ఠాణాలో తమ నాయకులు లొంగిపోయాక ఆ జనం ఇళ్ళకు మళ్ళుతున్నారు. అప్పుడొచ్చాయి ఇనుప తొడుగు వేసిన సైనిక మోటార్లు. ఇరుకు బజారులో మనుషుల మీదికే దూసుకొచ్చాయి. కొందరు చక్రాల కింద నలిగిపోయారు. ఆ గందరగోళంలో మోటారు సైకిల్ మీదున్న ఒక సైనికుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఒక మోటారుకు నిప్పంటుకుంది. ఆ వెంటనే కాల్పులు మొదలయ్యాయి.

బదల్ మానిన పఠాను

పఠాను అనగానే మన పెద్దవాళ్ళకు గుర్తొచ్చేది చేతికర్ర పట్టుకుని వడ్డీ వసూలుకి గుమ్మంలో నిలబడ్డ ఆజానుబాహుడు. సరిహద్దు కొండల్లో అతని కట్టుబాటు ఇంకా కఠినం. రక్తానికి రక్తం తీర్చుకోవాలి. తండ్రి తీర్చుకోలేకపోతే కొడుకు, కొడుకు వల్ల కాకపోతే మనవడు. పష్తోలో దాన్ని ‘బదల్’ అంటారు. అది అరబ్బీ మాట. మనం రోజుకు పదిసార్లు అనే ‘బదులు’ కూడా అందులోంచి వచ్చిందే.

అలాంటి చోట ఉత్మాన్‌జై అనే ఊళ్ళో, ఒక భూస్వామి ఇంట పుట్టిన అబ్దుల్ గఫార్ ఖాన్ 1910లో బడి తెరిచాడు. ఊరూరా తిరిగి చదువు గురించి, శుభ్రత గురించి, పగలు మానుకోవడం గురించి చెప్పాడు. జనం ఆయన్ని బాచా ఖాన్ అన్నారు. 1929లో ఆయన ‘ఖుదాయీ ఖిద్మత్‌గార్’ అనే దళం కట్టాడు. దేవుడి సేవకులు అని అర్థం. అందులో చేరేవాడు చేసే ప్రమాణం పఠాను పుట్టుకనే తిరగరాసేది: హింస చేయను, పగ తీర్చుకోను, నన్ను బాధపెట్టినవాణ్ణి క్షమిస్తాను, రోజుకు కనీసం రెండు గంటలు ప్రజల పనికి ఇస్తాను. తెల్లబట్టలు తొందరగా మాసిపోతున్నాయని చవక రంగులో ముంచి ఇటుక రంగు చేసుకున్నారు. అదే వాళ్ళ యూనిఫాం.

ఇస్లాం అంటే ఆయనకు మూడే మాటలు. అమల్, యకీన్, మొహబ్బత్. సేవ, విశ్వాసం, ప్రేమ. అహింస గాంధీజీ దగ్గర అరువు తెచ్చుకున్నది కాదనీ, మక్కాలో ప్రవక్త ఓర్చుకున్న ఓర్పే తన ఆయుధమనీ ఆయన చెప్పేవాడు.

ఏప్రిల్ 23నే, పెషావర్‌కు బయల్దేరిన బాచా ఖాన్‌ను దారిలో పట్టుకున్నారు. నాయకుడు చెరలో ఉన్నాడు. అతని మాట మాత్రం బజారులో నిలబడింది. ముందు వరుస కూలింది. వెనకున్నవాళ్ళు పడ్డవాళ్ళను పక్కకు జరిపి, చొక్కా గుండీలు విప్పి, ఆ ఖాళీలోకి వచ్చి నిలబడ్డారు. ఆ వరుసా కూలింది. మరో వరుస వచ్చింది. వాళ్ళలో ఎంతమంది ఇళ్ళలో తుపాకులు గోడకు వేలాడుతున్నాయో మనం ఊహించుకోవచ్చు. ఆ మధ్యాహ్నం ఎవరూ వాటికోసం వెళ్ళలేదు.

గఢ్వాలీ, సీజ్ ఫైర్!

ఆ రోజు పెషావర్‌లో దించిన దళాల్లో రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ రెండో బెటాలియన్ ఒకటి. అందరూ హిమాలయాల ఒడిలోని గఢ్వాల్ హిందువులు. ఎదురుగా ఉన్నది ముస్లిం పఠాన్లు. హిందువు చేతికి తుపాకీ ఇచ్చి ముస్లిం మీదికి తోలితే చెయ్యి వణకదని పైవాళ్ళ లెక్క.

వాళ్ళలో హవల్దార్ చంద్రసింగ్ ఉన్నాడు. 1914లో సైన్యంలో చేరి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ కందకాల్లో, మెసపొటేమియా ఎడారిలో పోరాడి వచ్చినవాడు. పెషావర్‌లో గొడవ మతాలది కాదు, స్వరాజ్యానిది అని అతను ముందే తోటివాళ్ళకు గుట్టుగా చెప్పి ఉంచాడు.

ఇంగ్లీషు కెప్టెన్ జనాన్ని చెదిరిపొమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. చంద్రసింగ్ తరువాతి రోజుల్లో చెప్పుకున్న ప్రకారం, కెప్టెన్ అరిచాడు: “గఢ్వాలీ, త్రీ రౌండ్ ఫైర్!”

పక్కనే నిలబడ్డ చంద్రసింగ్ అంతకంటే పెద్దగా అరిచాడు: “గఢ్వాలీ, సీజ్ ఫైర్!”

ఒక్కొక్క రైఫిలే గొట్టం దించుకుంది. పఠాన్లు కళ్ళప్పగించి చూశారు. నిరాయుధుల్ని మేం కాల్చం అని గఢ్వాలీలు తేల్చి చెప్పేశారు. వాళ్ళను బారకాసులకు తోలి, వాళ్ళ చోట గోరా సైనికులను నిలబెట్టారు. పొద్దు వాలేదాకా విడతలు విడతలుగా కాల్పులు సాగాయి. చనిపోయినవాళ్ళు 30 మంది అని సర్కారు లెక్క. విఠల్‌భాయ్ పటేల్ అధ్యక్షతన కాంగ్రెస్ వేసిన విచారణ సంఘం లెక్క 125. ఆ నివేదికను ప్రభుత్వం నిషేధించింది. మర్నాడు మళ్ళీ నగరంలోకి వెళ్ళమంటే గఢ్వాలీలు కదలలేదు. ఆ తరువాత సుమారు పది రోజులు తెల్లదొరల సైన్యమే పెషావర్ నగరం వదిలి బయట ఉండిపోవలసి వచ్చింది.

చెల్లించిన ధర

అబోటాబాద్‌లో కోర్టు మార్షల్. 17 మంది ముద్దాయిలు. ఉరి తప్పదనుకున్నారు. బారిస్టర్ ముకుందీ లాల్ వాళ్ళ తరఫున వాదించాడు. చంద్రసింగ్‌కు యావజ్జీవ శిక్ష పడింది. ఒకరికి 15 ఏళ్ళు, మిగిలినవాళ్ళకు మూడు నుంచి పదేళ్ళ దాకా జైలు. చంద్రసింగ్ ఒంటి మీది యూనిఫాంను అక్కడికక్కడే కోసి తీసేశారని చెబుతారు. ఆస్తి జప్తయింది. జైలు తరువాత జైలుగా పదకొండేళ్ళు గడిచి 1941లో బయటికొచ్చాడు.

1931లో గాంధీ-ఇర్విన్ ఒప్పందంలో వేల మంది సత్యాగ్రహులు విడుదలయ్యారు. గఢ్వాలీలు కాలేదు. ప్రమాణం చేసి సైన్యంలో చేరినవాడు ఆజ్ఞ ధిక్కరించడాన్ని తాను సమర్థించలేనని గాంధీజీ ఒక ఫ్రెంచి పత్రికా రచయితకు చెప్పాడు. ఆ మహాత్ముడికి చేతులు జోడించే నేను, ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోతాను. తప్పని తోచిన పని చేయనని నిలబడి, దానికి పడే శిక్షకు తల ఒగ్గడమే సత్యాగ్రహమైతే, ఆ రోజు చంద్రసింగ్ చేసింది మరేమిటి?

రాహుల్ సాంకృత్యాయన్ చంద్రసింగ్ జీవితకథ రాశాడు. 1979లో చంద్రసింగ్ కన్నుమూశాడు. రాహుల్ రాసిన ‘వోల్గా నుంచి గంగకు’ చదివిన తెలుగు ఇళ్ళలో కూడా ఈ హవల్దారు పేరు పెద్దగా వినపడదు.

ఆ రోజు తుపాకీకి రెండు బదుళ్ళు వచ్చాయి. ఒకటి ఎదురుగా గుండె చూపినవాడిది. రెండోది ట్రిగ్గర్ మీద వేలున్నవాడిది. మొదటిది లేకుండా రెండోది పుట్టేది కాదని నా నమ్మకం. జనం చేతిలో తుపాకీ ఉంటే గఢ్వాలీలకు కనిపించేది శత్రువు. విప్పిన చొక్కాలు కాబట్టి మనుషులు కనిపించారు.

ఆ మనుషుల మతం వేరు, భాష వేరు, కొండలు వేరు. ఇప్పుడు దేశాలూ వేరు. కిస్సా ఖ్వానీలోని అమరుల స్మారకం సరిహద్దుకు అవతల ఉంది, చంద్రసింగ్ ఊరు ఇవతల ఉంది. మధ్యలో ముళ్ళకంచె. యుద్ధమంటూ కేకలు లేచినప్పుడల్లా, ఈ కిస్సా రెండు వైపులా ఇళ్ళలో పిల్లలకు చెప్పాలి.