కందూరి నుంచి కెందూరి దాకా: మలయా హోటళ్లలో మన రుచుల చరిత్ర

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, కోటల ముట్టడులు అనుకోవడం మనకు అలవాటైపోయింది. గుత్తి కోటను ఎవరెవరు ఏలారో పిల్లలకు చెబుతాం. మంచిదే. కానీ బతుకుతెరువు కోసం ఊరుగాని ఊరు పోయిన మనిషి ఎక్కడ తిన్నాడు, ఎవరి పక్కన కూర్చుని తిన్నాడు అన్నది కూడా చరిత్రే. కరువు సీమ వాళ్లం గనుక ఈ సంగతి మనకు మరీ ముఖ్యం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల మనది. బెంగుళూరుకో, గల్ఫుకో, సింగపూరుకో మన పిల్లలు పోతూనే ఉన్నారు. పోయేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "ఆడ తిండి ఎట్లరా? హలాల్ దొరుకుతుందా? ఎవరితో కూర్చుని తింటావు?"

ఈ ప్రశ్నకు సింగపూరు, మలేషియాల్లోని సామాన్యుల హోటళ్ల చరిత్రలో మంచి జవాబు ఉంది.

పేరులోనే ఉంది సంగతి

మలయ్ భాషలో 'అనాక్' అంటే బిడ్డ. దాని నుంచి పుట్టిన మాట 'పెరనాకన్'. బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకు ఆ గడ్డ మీద పుట్టిన సంతతి అని అర్థం. ఈనాడు ఆ మాట వినగానే చీనా వర్తకుల వంశాలైన బాబాలు, న్యోన్యాలే గుర్తుకు వస్తారు. అయితే మలక్కాలో చిట్టీలు అనే హిందూ పెరనాకన్లు కూడా ఉన్నారు. దక్షిణ భారతం నుంచి పోయిన ముస్లిం వర్తకులు అక్కడి మలయ్ స్త్రీలను పెళ్లాడగా కలిగిన సంతతిని 'జావి పెరనాకన్' అంటారు. 1876లో సింగపూరులో ఇదే పేరుతో ఒక పత్రిక వెలువడింది. మలయ్ భాషలో మొట్టమొదటి వార్తాపత్రిక అదే. 1895 వరకు నడిచింది.

మన తెలుగు తీరానికీ ఆ దేశాలకూ సంబంధం ఇంకా పాతది. 17వ శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు మచిలీపట్నం నుంచి అచే, కెడా, పేరాక్ రేవులకు ఓడలు పోయేవి. ఇక్కడి అద్దకం బట్టలు అక్కడికి, అక్కడి మిరియాలు, తగరం ఇక్కడికి. మన వైపు నుంచి పోయినవాళ్లను అక్కడ 'కెలింగ్' అన్నారు. కళింగ నుంచి వచ్చిన మాట అది అంటారు. రానురాను ఎగతాళి మాటగా మారింది గనుక అక్కడి భారతీయులు ఇప్పుడు దాన్ని అవమానంగా తీసుకుంటారు. పెనాంగులో 1801లో వెలసిన కపితాన్ కెలింగ్ మసీదు పేరులో మాత్రం అది నిలిచిపోయింది.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. అక్కడ హోటళ్లు పెట్టిన భారతీయ ముస్లింలలో ఎక్కువమంది తమిళ సోదరులు. 'మనవాళ్లు' అని ఇక్కడ అనడం ఆ విశాలమైన అర్థంలోనే.

కావడి మీద వచ్చిన హోటల్

పెనాంగులో పేరుపడ్డ 'నాసి కందర్' సంగతి చూడండి. 'నాసి' అంటే అన్నం, 'కందర్' అంటే భుజాన మోసే కావడి. ఒక పక్క అన్నం, ఇంకో పక్క కూరల గిన్నెలు వేలాడదీసుకుని వీధుల్లో తిరిగి కూలీనాలీ జనానికి అమ్మేవారు. తర్వాత తర్వాత కొట్లు వెలిశాయి. పెనాంగులో హమీదియా హోటల్ 1907 నాటిది. సింగపూరులో సుల్తాన్ మసీదు ఎదుట ఉన్న జంజం 1908 నాటిది, ముర్తబాకు ప్రసిద్ధి. రెండూ ఈనాటికీ నడుస్తున్నాయి. ఇట్లాంటి హోటళ్లను 'మామక్' అంటారు. అది మన 'మామ' అన్న పిలుపే!

పద్ధతి చాలా తేలిక. కూరలన్నీ ఎదురుగా పెట్టి ఉంటాయి. వేలు చూపిస్తే వడ్డిస్తారు. వేయించుకున్న దాన్ని బట్టి డబ్బు. కుడిచేత్తో కలుపుకుని తినడమే. నాలుగైదు కూరల పులుసు కలిపి అన్నం మునిగేటట్టు పోయించుకోవాలంటే 'బంజిర్' అనాలి. అంటే వరద! మన అనంతపురం వాళ్లకు వరద చూసే భాగ్యం ఆ పళ్లెంలో దక్కుతుంది.

మలయ్ వాళ్ల 'నాసి లెమాక్' కొబ్బరిపాలలో వండిన అన్నం. దాని పక్కన మిరపకాయల సంబల్, వేయించిన నెత్తళ్లు, గుడ్డు, దోసకాయ ముక్కలు, వేయించిన శనక్కాయలు. పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం 'సాటే'కు కూడా శనక్కాయల గుజ్జే నంజుడు. దక్షిణ అమెరికాలో పుట్టిన పంట మన ఎర్రనేలకు ఎట్లా చేరిందో, వాళ్ల వంటింటికీ అట్లాగే చేరింది.

ఇంకో వింత. మన పెళ్లిళ్లలో బగారా అన్నం పక్కన దాల్చా ఉండాలి కదా. అక్కడ నేతి అన్నం 'నాసి మిన్యాక్' పక్కన వడ్డించేదాని పేరు కూడా 'దాల్చా'యే. ఊరగాయ 'అచార్'. కుర్మా కుర్మానే. ఇక్కడ పీర్ల పండక్కి, దర్గాల ఉరుసుకు పదిమందినీ పిలిచి పెట్టే విందును కందూరి అంటాం. మలయ్ వాళ్లు 'కెందూరి' అంటారు. రెండూ ఫారసీ నుంచి వచ్చిన ఒకే మాట.

పళ్లెం వేరు, బల్ల ఒకటే

మరి హలాల్ మాట? చీనా పెరనాకన్ వంటలో కొబ్బరిపాలు, చింతపండు, రొయ్యల ముద్ద వంటి మలయ్ సరుకులన్నీ ఉంటాయి. పంది మాంసం కూడా ఉంటుంది. కాబట్టి ముస్లిం అడిగి తినవలసిందే. అడగడాన్ని అక్కడ ఎవరూ తప్పుపట్టరు. 1968లో సింగపూరులో ఏర్పడిన ఇస్లాం మత మండలి 1978 నుంచి హలాల్ ధ్రువపత్రాలు ఇవ్వసాగింది. ఇప్పుడు పంది మాంసం వాడకుండా, ఆ పత్రం తీసుకుని నడిపే పెరనాకన్ హోటళ్లు కూడా ఉన్నాయి.

1970, 80లలో సింగపూరు ప్రభుత్వం వీధి అమ్మకందార్లను కప్పు ఉన్న తిండి కేంద్రాల్లోకి చేర్చింది. 1986కల్లా ఆ పని పూర్తయింది. అక్కడ హలాల్ పళ్లేలు తిరిగి పెట్టే చోటు వేరు, తక్కినవి పెట్టే చోటు వేరు. కానీ కూర్చునే బల్ల ఒకటే. ఎవరికి తగినది వాళ్లు తెచ్చుకుని ఒకే బల్ల దగ్గర తింటారు.

ఇక మన సంగతి చూసుకుందాం. మన పల్లెల టీ అంగళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎవరికి తెలియదు? హోటళ్లలోకి ఎవరినీ కులమతాల పేరిట అడ్డగించరాదని 1950లో రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా ఎన్నో చోట్ల ఆ రెండో గ్లాసు చూరుకు వేలాడుతూనే ఉండింది. తేడా గమనించండి. అక్కడ పళ్లేన్ని వేరు చేసింది తిండిని బట్టి. ఇక్కడ గ్లాసును వేరు చేసింది పుట్టుకను బట్టి. మొదటిది నియమం, రెండోది అన్యాయం. ఈ రెంటినీ ఒకటిగా చూడకూడదు.

అట్లని మలయా స్వర్గమేమీ కాదు. 1969 మే 13న కౌలాలంపూరులో జాతుల మధ్య ఘోరమైన అల్లర్లు జరిగాయి. కలిసి తిన్నంత మాత్రాన కలహాలు రావని చెప్పలేం. అయినా ఆ హోటళ్లు మూతపడలేదు, జనం మళ్లీ అక్కడే కలిశారు. 2020లో సింగపూరు వీధి తిండి సంస్కృతిని, 2024లో నాసి లెమాక్, రోటీ చనాయ్, తెహ్ తారిక్‌లతో కూడిన మలేషియా ఉదయపు ఫలహార సంస్కృతిని యునెస్కో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. కావడి మోసినవాళ్ల కష్టానికి దక్కిన గౌరవం అది.

సభ్య సోదర సోదరీమణులకు మనవి. పరదేశం పోయే పిల్లలకు భయం చెప్పి పంపకండి. తిండి ఏమిటో మర్యాదగా అడగమనండి, తగినది తినమనండి, పక్కవాడితో కలిసి కూర్చోమనండి. అట్లాగే మన ఊళ్లలో టీ హోటళ్లు, బిర్యానీ హోటళ్లు మొదట పెట్టిన పెద్దల వివరాలు తెలిసినవారు రాసి పెట్టండి. వాళ్ల పొయ్యి దగ్గర ఎవరెవరు కూర్చున్నారో కూడా రాయండి. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండక్కి అన్ని కులాలవాళ్లూ కలిసి వచ్చే జిల్లా మనది. కందూరికి పదిమందినీ పిలవడం మనకు ఎవరో కొత్తగా నేర్పవలసిన పని కాదు.