దౌర్జన్య కాలపు దస్తావేజులు: బెర్లిన్‌లో డాక్టర్ ముహమ్మద్ హెల్మీ

ఒక వార్తను స్వీకరించే ముందు అది ఎవరి నోట వెలువడింది, ఆ మనిషి ఎలాంటివాడు, విషయాన్ని కళ్లారా చూశాడా, ఇతరుల వల్ల విన్నాడా అని విచారించడం హదీసు పండితులు నెలకొల్పిన పద్ధతి. ఉల్లేఖకుణ్ణి పరీక్షించిన తర్వాతనే వారు ఉల్లేఖనానికి విలువ కట్టేవారు. నాజీ పాలనలో యూదులపై సాగిన దౌర్జన్యం గురించిన రికార్డులు చదివేవారికి కూడా ఈ పద్ధతి ఎంతో అవసరం. ఆ రికార్డులలో చాలా భాగం పీడకులు స్వయంగా రాసుకున్నవే.

1933 జనవరి 30న హిట్లర్ అధికారానికి వచ్చాడు. 1935 సెప్టెంబరులో వెలువడిన నూరెంబర్గ్ చట్టాలు యూదుల పౌరసత్వ హక్కులను హరించాయి. తాతలు, అవ్వలలో ఎందరు యూదులో లెక్కించి మనిషి జాతిని నిర్ణయించసాగారు. 1938 అక్టోబరులో యూదుల పాస్‌పోర్టులపై ఎర్రటి 'జె' అక్షరం ముద్రించాలని ఉత్తర్వు వచ్చింది. పేరును బట్టి యూదులని తెలియని పురుషులు 'ఇజ్రాయెల్' అనీ, స్త్రీలు 'సారా' అనీ 1939 జనవరి 1 నుండి అదనపు పేరు తగిలించుకోవలసి వచ్చింది. దేశం విడిచిపోవడానికి ఏ కాగితం కావాలో, ఆ కాగితమే పొరుగు దేశపు సరిహద్దులో కాందిశీకుణ్ణి పట్టి ఇచ్చింది. 1938 జూలైలో ఫ్రాన్సులోని ఎవియాఁ పట్టణంలో 32 దేశాల ప్రతినిధులు సమావేశమై సానుభూతి ప్రకటించారు. డొమినికన్ రిపబ్లిక్ తప్ప మిగిలిన దేశాలు దాదాపుగా తలుపులు తెరవలేదు.

1941 అక్టోబరు 18న బెర్లిన్ నుండి యూదులను తూర్పు ప్రాంతాలకు రైళ్లలో పంపడం మొదలైంది. పంపబోయే ప్రతి కుటుంబం చేత 16 పేజీల ఆస్తి పత్రం నింపించేవారు. కుర్చీలు, దుప్పట్లు, వంటపాత్రలు, ఒంటి దుస్తులు సైతం అందులో రాయాలి. ఆస్తిని ఖజానాకు జమ కట్టుకునేందుకు ఆ ఏర్పాటు. ఈ ఫైళ్లు వేల సంఖ్యలో నేడు పోట్స్‌డామ్‌లోని రాష్ట్ర రికార్డుల భాండాగారంలో ఉన్నాయి. మనుషులను చావుకు పంపడాన్ని ఆనాటి ప్రభుత్వ కాగితాలు 'తరలింపు' అని పేర్కొంటాయి. సంఖ్యలు, తేదీలు నిజం. మాట మాత్రం అబద్ధం. ఉల్లేఖకుడు ఎవరో తెలియకుండా ఇలాంటి కాగితం చదివినవాడు మోసపోతాడు.

ఆ బెర్లిన్‌లోనే డాక్టర్ ముహమ్మద్ హెల్మీ నివసించేవాడు. ఆయన ఈజిప్టు దేశీయుల బిడ్డ. 1901లో ఖర్తూమ్‌లో జన్మించాడు. 1922లో వైద్యవిద్య కోసం జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో ఆసుపత్రి వైద్యుడైనాడు. 1933లో తన తోటి యూదు వైద్యులను ఉద్యోగాల నుండి వెళ్లగొట్టడం కళ్లారా చూశాడు. కొన్నేళ్లకు ఆయన వంతు వచ్చింది. హజ్రత్ నూహ్ కుమారుడు హామ్ సంతతివాడన్న ముద్ర వేసి ఆయనను కూడా తొలగించారు. జర్మన్ యువతితో నిశ్చయమైన వివాహానికి అనుమతి నిరాకరించారు. 1939లో ఇతర ఈజిప్షియన్లతో పాటు నిర్బంధించి, అనారోగ్యం కారణంగా సుమారు ఏడాదికి విడిచిపెట్టారు.

ఇంత జరిగినవాడు తలవంచుకుని తన ప్రాణం కాపాడుకుంటే ఎవరూ తప్పు పట్టరు. కాని తనకు పరిచయమైన కుటుంబంలోని యూదు యువతి అన్నా బోరోస్‌కు ప్రమాదం వచ్చినప్పుడు, ఆయన ఆమెను బెర్లిన్ శివారు బూఖ్‌లో తనకున్న చిన్న ఇంట్లో దాచాడు. పోలీసుల నిఘా పెరిగినప్పుడు వేరొకచోటికి పంపి, డ్రెస్డెన్ నుండి వచ్చిన బంధువని చెప్పేవాడు. ఆమె అవ్వను ఫ్రీడా స్టుర్మాన్ అనే జర్మన్ స్త్రీ ఏడాదికి పైగా తన ఇంట ఉంచుకుని, తన రేషనులోనే ఆమెకు భోజనం పెట్టింది. 1944లో అన్నా తల్లి, మారుతండ్రి పట్టుబడి, చిత్రహింసల మధ్య హెల్మీ పేరు చెప్పేశారు. వెంటనే ఆయన అన్నాను స్టుర్మాన్ ఇంటికి చేర్చి, తాను దెస్సావ్‌లోని పిన్ని దగ్గరికి వెళ్తున్నట్లు ఆమె రాసిన ఒక ఉత్తరాన్ని పోలీసులకు చూపించాడు. ఆ కుటుంబంలోని నలుగురూ యుద్ధానంతరం ప్రాణాలతో మిగిలారు.

అన్నా ఇస్లాం స్వీకరించినట్లు బెర్లిన్‌లోని ఇస్లామిక్ కేంద్ర సంస్థ నుండి హెల్మీ ఒక ధ్రువపత్రం సంపాదించాడు. ఆ సంస్థకు అధిపతి జెరూసలేం ముఫ్తీ హాజ్ అమీన్ అల్ హుసైనీ. ఈయన 1941 నవంబరు 28న హిట్లర్‌ను కలుసుకుని, ఆ ప్రభుత్వానికి బాసటగా నిలిచిన నాయకుడు. ఆయన సంస్థ పేరిట ఉన్న కాగితమే ఒక యూదు యువతి ప్రాణరక్షణకు తోడ్పడింది. హెల్మీని స్మరించి ముఫ్తీని దాటవేయడం గాని, ముఫ్తీని చూపి ముస్లిములందరినీ నిందించడం గాని చరిత్ర అనిపించుకోదు. తమకే వ్యతిరేకమైనా న్యాయానికి సాక్షులుగా నిలవాలని అన్ నిసా సూరా విశ్వాసులకు విధించింది. ఆ విధి చరిత్రకారునికి కూడా వర్తిస్తుంది.

హెల్మీ బెర్లిన్‌లోనే ఉండిపోయి, యుద్ధం తర్వాత తాను కోరుకున్న యువతినే పెళ్లాడి, 1982లో మరణించాడు. ఆయన చేసిన మేలును రాసిపెట్టినది ఆయన కాదు, మేలు పొందినవారు. 1950లలోను, 1960ల తొలినాళ్లలోను వారు బెర్లిన్ సెనేట్‌కు ఉత్తరాలు రాశారు. దశాబ్దాల పాటు భాండాగారంలో పడి ఉన్న ఆ ఉత్తరాలు బయటపడిన మీదట, 2013లో జెరూసలేంలోని యాద్ వషేమ్ సంస్థ హెల్మీని, స్టుర్మాన్‌ను యూదులను కాపాడిన ధర్మాత్ములుగా గుర్తించింది. ఆ గౌరవం పొందిన మొదటి అరబ్బు ఆయనే. ఇజ్రాయెల్ సంస్థ ఇచ్చే గౌరవం కనుక కుటుంబీకులు మొదట స్వీకరించలేదు. 2017లో ఒక బంధువు బెర్లిన్‌లో దానిని అందుకున్నాడు.

ఆ సంకోచం వెనుక పాలస్తీనా దుఃఖం ఉంది. 1948 నాటి సంఘటనలలో సుమారు 7 లక్షల మంది పాలస్తీనా అరబ్బులు ఇల్లూ వాకిలీ కోల్పోయారు. ఆ అన్యాయాన్ని తలచుకుని, 60 లక్షల యూదుల హత్యను కట్టుకథ అనేవారు ముస్లిములలోనూ లేకపోలేదు. ఒకరి దుఃఖాన్ని కాదన్నంత మాత్రాన మరొకరి హక్కు నిలబడదు. పైగా, ఆ రికార్డులు అబద్ధమైతే హెల్మీ ప్రాణాలకు తెగించి ఎవరిని, దేని నుండి కాపాడినట్లు? ఒక జాతి మీది ద్వేషం న్యాయం తప్పించరాదని అల్ మాయిదా సూరా హెచ్చరించింది. అప్పు వ్యవహారాన్ని సైతం వ్రాతలో ఉంచమని, సాక్ష్యాన్ని దాచవద్దని అల్ బఖరా సూరా బోధించింది. ప్రాణం నిలిపిన మేలును రాసిపెట్టి ఆ కుటుంబం తన సాక్ష్యం చెల్లించింది. దానిని పూర్తిగా, ఉన్నది ఉన్నట్లుగా చదవవలసిన బాధ్యత చదువరులది.